ఐదో లాకు, మూడో తలుపు

నమోదు 612. సోమవారం.

ఈ వారం చీటీలో రత్నం పేరు వచ్చింది.

కొక్కిలిగడ్డ మేరీ రత్నం, ముప్పై మూడేళ్లు, ఐదో లాకులో రెండో మనిషి. రేపు ఉదయం నుంచి గురువారం సాయంత్రం దాకా ఆమె మా పర్రలంకలో లేనట్టే లెక్క. ఫోను నాకు అప్పగించి, లంక చివర ఎవరికీ అందకుండా ఉండే చాటింటికి వెళ్లిపోతుంది. ఎవరూ ఆమెతో మాట్లాడకూడదు, ఏమీ అడగకూడదు. ఈ మూడు రోజుల్లో ఐదో లాకులో ఏది ఆగినా, ఏది ఆలస్యమైనా నేను లోపాల పట్టీలో రాస్తాను. ఆమె తిరిగొచ్చాక అందరం కూర్చుని ఒక్కొక్క లోపాన్నీ సరిచేస్తాం.

పదకొండేళ్లుగా నా పని ఇదే. మా కట్ట సంఘం అధ్యక్షురాలు మద్దాల భాగ్యరేఖ గారు ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ రాసేవారు. నడుస్తున్న వ్యవస్థలోంచి ఒక్కో భాగాన్ని కావాలని ఆపేసి, మిగతాది నిలబడుతుందో లేదో చూడడం అప్పట్లో ఆవిడ ఉద్యోగం. పాత కట్ట తెగిన రోజున, తలుపులు దించడం తెలిసిన ఒకే ఒక్క మనిషి ఒళ్లు తెలియని జ్వరంలో ఉన్నాడు. మళ్లీ కట్ట కట్టుకున్నప్పుడు ఆవిడ ఒకటే షరతు పెట్టారు. ఏ మనిషి లేకపోయినా లంకలో పని ఆగకూడదు. అది నిజమో కాదో తెలియాలంటే మనుషుల్ని కూడా ఆపి చూడాలి.

చీటీ చూపించగానే రత్నం మొహం వాడిపోయింది.

“వచ్చే వారానికి మార్చక్కా,” అంది.

“దేనికి?”

“వాయుగుండం అంటున్నారుగా.”

“అంటే అన్నారు. లాకులో వీరాస్వామి బాబాయ్ ఉన్నారుగా. నీకు నేర్పిందే ఆయన.”

సాయంత్రం పని అప్పగించడానికి లాకు దగ్గరికి వెళ్లాం. ఆమె బదులు రెండో లాకు నుంచి కరీమా వచ్చింది. నలభై దాటిన మనిషి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేస్తుందని పేరు. రత్నం తన తాళంచెవిని కరీమా చేతిలో పెట్టి, “మూడో తలుపు దగ్గర...” అని మొదలుపెట్టింది. నేనే ఆపాను. నోటిమాటతో అప్పగించడం నిషేధం. లాకు పుస్తకంలో ఏముందో దానితోనే లాకు నడవాలి. లేకపోతే పుస్తకంలో ఏం లోటుందో మాకెలా తెలుస్తుంది?

రత్నం వీరాస్వామి గారి వైపు ఒకసారి చూసి నోరు మూసుకుంది.

నమోదు 613. మంగళవారం.

లోపం 1. ఉదయం పోటు మొదలైన ఇరవై రెండు నిమిషాలకు గానీ తలుపులు మూయలేదు.

ఐదో లాకులో ఆరు తలుపులున్నాయి. పాటులో, అంటే సముద్రం తగ్గినప్పుడు, ఎత్తి పెద్దకాలువ నీళ్లు బయటికి వదలాలి. పోటుకు సముద్రం పెరగక ముందే దించాలి. ఆలస్యమైతే ఉప్పునీరు కాలువలోకి ఎక్కుతుంది. ఆ కాలువ నీళ్లే శుద్ధి చేసి ఆరువేల మందిమి తాగుతున్నాం. మామూలుగా మీటరు మీద కాలువ ఉప్పు ఒకటి దగ్గర ఉంటుంది. ఇవాళ సాయంత్రానికి మూడు. ఎనిమిది దాటితే శుద్ధి యంత్రాలు పనిచేయవు.

ఆలస్యం ఎందుకైందని ఫోనులో కరీమాను అడిగాను.

“బాబాయ్ గారు ఆగమన్నారక్కా.”

“ఎందుకాగమన్నారు?”

“చెప్పలా. ఆగమన్నారంతే.”

సైకం వీరాస్వామి గారికి అరవై ఆరేళ్లు. ఐదో లాకులో మొదటి మనిషి. లాకు పుస్తకం రాసింది ఆయనే. ఆయన ఆగమంటే కారణం ఉండే ఉంటుందని రాసుకున్నాను.

నమోదు 614. బుధవారం, మధ్యాహ్నం.

లోపం 2. ఉప్పు ఆరు.

ఇవాళ తలుపులు సమయానికే దించారు. కంప్యూటర్ తెర మీద ఆరూ మూసినట్టే కనిపిస్తున్నాయి. అయినా ఉప్పు పెరుగుతూనే ఉంది. ఫోనులో తేలే విషయం కాదని నేనే వెళ్లాను.

వీరాస్వామి గారు ఎప్పటిలాగే ఉన్నారు. ఉతికిన చొక్కా, మెడలో నల్ల తాడుకు తాళంచెవి. లాకు నడవాలంటే ఇద్దరి తాళాలూ కలిపి తిప్పాలి. ఒక్కరి మాట మీద ఏ తలుపూ కదలకూడదని పెట్టుకున్న పద్ధతి అది. నన్ను చూసి నవ్వి, “రావమ్మా నాంచారమ్మా” అన్నారు. మీటరు చెడిపోయిందన్నారు. లోగడ కూడా ఇలాగే రెండుసార్లు చెడిపోతే తాను ఎలా పట్టుకున్నదీ తేదీలతో సహా చెప్పారు. నాకు ధైర్యం వచ్చింది.

టీ కాచి నాలుగు గ్లాసుల్లో పోశారు. మేం ముగ్గురమే ఉన్నాం. నాలుగో గ్లాసు మీద మూత పెట్టారు.

“ఎవరికి బాబాయ్ అది?”

“రత్నానికి. ఇప్పుడే అటెళ్లింది, వచ్చేస్తది.”

“రత్నం చాటుకెళ్లింది కదా.”

“ఆ, అవునవును. మర్చేపోయా.” తల మీద కొట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

టీ తాగడం అయ్యేలోపు మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లి గట్టు వైపు చూశారు. “ఈ పిల్ల ఎక్కడికి పోయిందో. టీ చల్లారిపోతంది.”

గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. కరీమా నన్ను బయటికి తీసుకొచ్చింది.

“నిన్నటి నుంచి ఏడుసార్లు అడిగాడక్కా. నిన్న తలుపులు దించబోతే ‘రత్నం రానీ’ అన్నాడు. ఆగమంది అందుకే. అంత పెద్దాయన మీద ఫోనులో ఎట్టా చెప్పను?”

“మరి ఉప్పు? మీటరు చెడిందంటున్నారుగా.”

“మీటరు బానే ఉంది. మూడో తలుపు మీద నాకు అనుమానం. మోటారు ఆగిపోతే మూసినట్టే లెక్క కదా తెరకి. కింద దేనికో తగులుకుని ఆగినా అదట్టాగే చూపిస్తది. పుస్తకంలో చెప్పినయ్యన్నీ చేశా. దిగట్లా.”

వాయుగుండం తుఫానైంది. రేపు మధ్యాహ్నం రెండూ నలభైకి పెద్ద పోటు. అదే సమయానికి తీరం దాటుతుందట. సముద్రం ఆరడుగులు అదనంగా లేస్తుందని చెబుతున్నారు.

నమోదు 615. బుధవారం, సాయంత్రం.

రత్నాన్ని వెనక్కి పిలవాలంటే నాదీ, అధ్యక్షురాలిదీ రెండు సంతకాలు కావాలి. భాగ్యరేఖ గారి ఇంటికి వెళ్లాను. చూసింది చూసినట్టు చెప్పాను.

ఆవిడ అంతా విన్నారు. తర్వాత, “పదకొండేళ్లలో ఒక్కసారైనా మధ్యలో ఆపామా నాంచారమ్మా?” అన్నారు.

“లేదండీ.”

“ఎందుకాపలేదు? ఎవరి దగ్గర తేడా వస్తే వాళ్లను వెనక్కి తెచ్చుకుంటూ పోతే, ఇక మనకు తెలిసేదేముంది? లోపం దొరికింది. దాన్ని అక్కడే సరిచేయండి. కరీమా ఉంది, ఇంజనీర్లు ఉన్నారు.”

“ఇంజనీర్లు ఇద్దరూ ఒకటో లాకు దగ్గర గండి పూడుస్తున్నారు. మూడో తలుపు సంగతి తెలిసింది రత్నానికే అనిపిస్తోందండీ.”

“రేపు రత్నం చచ్చిపోతే?”

“పోయిన రోజు చూసుకుందాం. ఇవాళ బతికే ఉందిగా. తొమ్మిది కిలోమీటర్ల దూరంలో కూర్చుని ఉంది.”

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. “ఆ రోజున కట్ట తెగి పోయినవాళ్లలో మా చెల్లెలుంది,” అన్నారు. “ఒక్క మనిషి మీద ఆధారపడి నిద్రపోయాం. ఇంకోసారి ఆ పని చేయను. సంతకం పెట్టను.”

ఇంటికొచ్చాను. ఆవిడ చెప్పినదాంట్లో తప్పు వెతుకుతున్నాను. దొరకడం లేదు.

నమోదు 616. గురువారం. జరిగిపోయాక రాస్తున్నాను.

ఉదయం ఎనిమిదింటికి లాకు దగ్గర ఉన్నాను. వాన ఏటవాలుగా కొడుతోంది. కాలువ నిండిపోయింది కాబట్టి ఆరు తలుపులూ ఎత్తే ఉంచారు, నీళ్లు సముద్రంలోకి ఉరుకుతున్నాయి. అప్పటికది సరైన పనే. కరీమా తెర చూపించింది. పదకొండూ ముప్పై అయిదుకు సముద్రం, కాలువ ఒకే మట్టానికి వస్తాయి. ఆలోపు తలుపులు దిగాలి.

“ఇవాళ మూడోది కూర్చోకపోతే?”

“నిన్న జానెడు సందులోంచి ఊరికే కారింది. ఇవాళ వెనకాల ఆరడుగుల నీళ్లు తోస్తయ్. ఆ సందులోంచి కొట్టే నీళ్లు కింద పునాది కోసేస్తయ్యక్కా. తలుపు కాదు, లాకే పోద్ది.”

ఉప్పు ఏడున్నర.

నేను బండి తీశాను. సంతకం లేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

చాటిల్లు లంకకు తూర్పు కొసన ఉంది. పాతకాలపు బడి, రెండు గదులు. గట్టు మీద రెండుచోట్ల మట్టి జారిపోయింది. ఒకచోట బండిని మోకాలి లోతు నీళ్లలో తోసుకుంటూ వెళ్లాను. తొమ్మిది కిలోమీటర్లకు గంటకు పైనే పట్టింది. రత్నం వరండాలో నిలబడి ఉంది. చేతిసంచి సర్దుకుని పక్కన పెట్టుకుంది. నన్ను చూసి ఒక్కటే అడిగింది.

“ఉప్పెంతుంది?”

“ఏడున్నర.”

“అయితే మూడోదాన్ని కడగలా,” అంది. సంచి తీసుకుని బండెక్కింది.

వెనక కూర్చుని నా చెవిలో అరుస్తూ చెప్పింది. ఏడాదిన్నర కిందట సముద్రంలో ఇసుకదిబ్బ జరిగిందట. అప్పటి నుంచి మూడో తలుపు కింద ఒండ్రు పేరుకుంటోంది. దించే ముందు తలుపును కొంచెమే ఎత్తి పట్టాలి. బయటికి పోయే నీళ్లు ఆ సన్నటి సందులోంచి వేగంగా కొట్టి ఒండ్రును ఊడ్చేస్తాయి. మోటారు అంత సన్నగా పట్టలేదు, చేత్తో చక్రం తిప్పాలి. నీళ్లు బయటికి పోతున్నంతసేపే ఈ పని కుదురుతుంది. మట్టాలు సమానమైతే ఇక ఎవరి వల్లా కాదు.

“ఇది కనిపెట్టింది మావయ్యే,” అంది. వీరాస్వామి గారిని ఆమె అలాగే పిలుస్తుంది.

“మరి పుస్తకంలో ఎందుకు రాయలేదు?”

“రాద్దామనే అనుకున్నాడు. ఆ నెల్లోనే మొదలైందక్కా మరుపు. మొదట తేదీలు. తర్వాత అన్నం తిన్నాడో లేదో. లాకు పని మటుకు చేతులకి గుర్తుంది. పక్కన నిలబడి ‘ఇప్పుడు’ అని నేనొక్క మాటనాలి, అంతే. ఆ మాటనడమే నేను పద్నాలుగు నెలలుగా చేసింది.”

“నువ్వైనా రాయాల్సింది.”

“ఏమని రాయను? ఎందుకు రాస్తున్నావంటారు. దీన్ని లాగితే మావయ్య మరుపూ బయటికొస్తది. రెండో లాకులో నాగయ్య గారికి చూపు తగ్గిందని లోపాల పట్టీలో రాశారు. ఏమైంది? పది రోజుల్లో ఇంటికి పంపారు. మూడు నెలల్లో మనిషి మంచాన పడ్డాడు. ఆయన్ని పంపిన కాగితం మీద సంతకం నీదే కదక్కా.”

నేను రోడ్డు చూస్తున్నట్టు ముందుకు వంగాను. కాసేపటికి ఆమే మళ్లీ అంది. “రాత పరీక్షలో నేను మూడుసార్లు తప్పాను. అక్షరాలు నా కళ్లముందు కుదురుగా నిలబడవు. అయినా ఆయన సంఘంతో పోట్లాడి నన్ను లాకులోకి తీసుకున్నాడు. అటువంటి మనిషి సంగతి నేనెట్టా కాగితం మీద పెడతాను?”

పదకొండూ అయిదుకు లాకు చేరాం.

ఆరు తలుపులూ ఇంకా ఎత్తే ఉన్నాయి. వీరాస్వామి గారు నియంత్రణ బల్లకు వీపు ఆనించి నిలబడి ఉన్నారు. తాళంచెవిని తాడుతో సహా గుప్పిట్లో బిగించారు. కరీమా కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“ఇంకా పాటుంది,” అంటున్నారాయన. “పొద్దున ఏడింటికి తలుపులు దించమంటారేంటి? పొలాలన్నీ మునిగిపోతయ్. నేనుండగా దించనివ్వను.”

గోడ మీద గడియారం ఆయనకు ఎదురుగానే ఉంది.

కరీమా నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “గంట నుంచి బతిమాలుతున్నా. లాక్కుందామా అక్కా?”

నేను ఒక అడుగు వేశాను. అబద్ధమెందుకు, లాక్కోవడానికే వేశాను. రత్నం నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. చెప్పులు విడిచి, తడి బట్టలతోనే వెళ్లి ఆయన ఎడమవైపు నిలబడింది.

“వచ్చాను మావయ్యా.”

ఆయన భుజాలు కిందికి దిగాయి. “ఎక్కడికి పోయావే? టీ చల్లారిపోయింది.”

“తాగుతాలే. ముందు మూడోదాన్ని కడుగుదాం.”

“ఇంకా పాటు...” ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూశారు. బూడిదరంగు నీళ్లు మెట్లెక్కుతున్నాయి. ఎంతసేపు చూశారో నాకు తెలియదు. నా చూపు గడియారం మీద ఉంది.

“ఇప్పుడు మావయ్యా,” అంది రత్నం.

ఆయన తాళంచెవి రంధ్రంలో పెట్టారు. కరీమా తనది పెట్టింది. ఇద్దరూ కలిపి తిప్పారు.

అయిదు తలుపులు మోటారు మీద దిగాయి. మూడోది కూడా దిగి, ఒండ్రు మీద ఆగింది. పదకొండూ పదహారు. ఆయనా కరీమా చక్రం పట్టుకున్నారు. ఆయన గట్టిగా లెక్కపెడుతూ తలుపు లేచే వైపు తిప్పారు. ఒకటి, రెండు, మూడు. గొంతులో ఏ తడబాటూ లేదు. పద్దెనిమిది. పంతొమ్మిది. అక్కడ ఆగిపోయారు. మళ్లీ “పంతొమ్మిది” అన్నారు. కళ్లు చక్రం మీద నుంచి గోడ మీదికి, గోడ మీద నుంచి కరీమా మొహం మీదికి వెళ్లాయి.

“ఇరవై,” అంది రత్నం మెల్లగా.

“ఇరవై,” అన్నారాయన. చక్రం కదిలింది. ఇరవై నాలుగు దగ్గర ఆపారు.

కాళ్ల కింద నేల అదిరింది. తలుపు కిందనుంచి నల్లటి నీళ్లు చిమ్ముకుంటూ సముద్రంలోకి వెళ్తున్నాయి. రత్నం ఇనప కమ్మీ మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. నేను బయట మట్టం కొలిచే రాయి దగ్గర నిలబడ్డాను. సముద్రానికీ కాలువకూ తేడా నాలుగు వేళ్లు. పదకొండూ ఇరవై ఆరు. మూడు వేళ్లు.

“రత్నం!”

“ఇంకా ఉంది.”

రెండు వేళ్లు. పదకొండూ ముప్పై. నీళ్ల చప్పుడు గరగర మానేసి ఒకే తీరుగా మారింది. నాకు కూడా వినిపించింది ఆ తేడా.

“ఇప్పుడు,” అంది.

దించడం మొదలుపెట్టారు. ఇరవై నాలుగు చుట్లకు ఆగాల్సిన చక్రం ఆగలేదు. ఇరవై అయిదు, ఇరవై ఆరు. ఇరవై తొమ్మిదో చుట్టుకు కిందనుంచి ఒక మొద్దు శబ్దం వచ్చింది. పదకొండూ ముప్పై మూడు.

రెండు రోజులుగా లంకలోకి ఉప్పును రానిచ్చింది ఆ అయిదు చుట్ల ఒండ్రే.

రెండూ నలభైకి సముద్రం కట్ట అంచుకు మూరెడు కిందిదాకా వచ్చి నిలబడింది. ఆరు తలుపులూ మూలిగాయి. ఒక్కటీ కదల్లేదు. సాయంత్రం ఆరింటికి ఉప్పు ఏడున్నర దగ్గరే ఉంది. వీరాస్వామి గారు బల్ల మీద తల వాల్చి నిద్రపోయారు. రత్నం ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, నిన్నటి చల్లారిన టీ తాగింది.

నమోదు 617. శనివారం. సభ.

మా సభలో ఎవరినీ తప్పు పట్టకూడదు. పేర్లు కూడా అనకూడదు. మొదటి మనిషి, రెండో మనిషి అనాలి. జరిగినదానికి ‘ఎందుకు’ అని అడుగుతూ అడుగుతూ మూలం దాకా వెళ్లాలి. రెండు వందల మందికి పైగా వచ్చారు. వీరాస్వామి గారు రెండో వరసలో, రత్నం పక్కన కూర్చున్నారు.

భాగ్యరేఖ గారు అడగడం మొదలుపెట్టారు. ఉప్పు ఎందుకు ఎక్కింది? మూడో తలుపు కూర్చోలేదు. ఎందుకు కూర్చోలేదు? కడగలేదు. ఎందుకు కడగలేదు? కరీమా లేచి, “మొదటి మనిషికి ఆ సమయంలో గుర్తు లేదు. బదులొచ్చిన మనిషికి తెలియదు. పుస్తకంలో లేదు,” అంది. పుస్తకంలో ఎందుకు లేదు?

రత్నం లేచింది. “రెండో మనిషి రాయలేదు.”

“ఎందుకు రాయలేదు?”

“రాస్తే మొదటి మనిషిని పంపేస్తారని.”

అప్పుడు వీరాస్వామి గారు లేచారు.

“అమ్మా, మొదటి మనిషంటే నేనే కదా?”

ఆయన భాగ్యరేఖ గారి వైపు తిరిగారు.

“నా పేరు పెట్టి మాట్లాడండి. మొదటి మనిషి, రెండో మనిషి అంటే నాకు తెలవట్లా. పేరు లేకపోతే నాకసలు గుర్తుండదు.”

భాగ్యరేఖ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. పదకొండేళ్ల నియమాన్ని ఆవిడే దాటారు. “సైకం వీరాస్వామి గారూ,” అన్నారు. “మీ గురించే మాట్లాడుతున్నాం. మీకు మరుపు వచ్చింది. రత్నం దాన్ని దాచింది.”

“రత్నం మంచిది,” అన్నారాయన.

తర్వాత నేను లేచాను. మళ్లీ ‘ఎందుకు’ అని ఎవరూ అడగలేదు, అయినా చెప్పాను. పంపేస్తామని రత్నం ఎందుకనుకుంది? నాగయ్య గారిని పంపాం కాబట్టి. ఆ సంతకం నాది. లోపాన్ని చెప్పినవాళ్లకు మంచి జరుగుతుందని మేం రాసుకున్నాం. చెప్పినందుకు ఏం జరుగుతుందో లంకంతా చూసింది. మూడో తలుపు కింద ఒండ్రు ఎప్పుడు పేరుకుందో నాకు తెలియదు గానీ, ఈ భయం ఎప్పుడు పేరుకుందో నాకు తెలుసు. సోమవారం రత్నం నోరు తెరిస్తే మూయించిందీ, రెండో సంతకం లేకుండా చాటింటికి వెళ్లిందీ నేనే. రెండూ పట్టీలో చేర్చమన్నాను.

“నాగయ్య గారి కాగితం మీద సంతకం నీదే,” అన్నారు భాగ్యరేఖ గారు. “అది రాసిచ్చింది నేను. అదీ చేర్చు. బుధవారం నేను పెట్టని సంతకం కూడా చేర్చు.” తర్వాత ఆయన వైపు తిరిగారు. “వీరాస్వామి గారూ, మీకేం కావాలి?”

ఆయన వెంటనే చెప్పారు. “ఇవాళ నాకు బానే ఉంది. ఇవాళ్టి మాట రాసుకోండి. రేపు నేనే కాదంటాను, అప్పుడు నా మాట వినొద్దు. నన్ను లాకు దగ్గరే ఉండనీండి. ఇదిగో, తాళం మటుకు నా దగ్గరొద్దు.”

మెడలోంచి నల్ల తాడు తీసి నా చేతిలో పెట్టారు. ముడి ఊడదీయడం రాక తల మీదుగా లాగుతుంటే రత్నం చెవి దగ్గర సర్ది తీసింది.

నమోదు 618. మంగళవారం.

రత్నం లాకు పుస్తకానికి కొత్త భాగం చెబుతోంది, నేను రాస్తున్నాను. మూడో తలుపు కడిగే విధానం, పదకొండు మెట్లు. నీళ్ల చప్పుడు మారడం ఎలా ఉంటుందో మాటల్లో పెట్టడానికే సగం రోజు పట్టింది. “బియ్యం కడిగేటప్పుడు రాళ్లన్నీ పోయాక చేతికి తెలుస్తదే, అట్టాగ,” అంది. అదే రాశాను.

నాగయ్య గారింటికి భాగ్యరేఖ గారూ నేనూ వెళ్లాం. ఆయన మాతో మాట్లాడలేదు. మళ్లీ వెళ్తాం.

లాకులో వీరాస్వామి గారు పొద్దున్నే మెడ తడుముకుని తాళమేదని అడుగుతున్నారు. లేదంటే కంగారు పడుతున్నారు. ఒకసారి కోపంతో గట్టు మీదికి వెళ్లిపోయారు. రత్నం ఉంటే సర్దిచెబుతుంది. అది కూడా ఒక్క మనిషికే తెలిసిన పని కాకూడదు కదా. అందుకని పుస్తకంలో రోజువారీ పనుల్లో మొదటిదిగా ఇది చేర్చాం: “ఉదయం ఆరింటికి: తాళం సంఘం తీసుకుందని వీరాస్వామి గారికి చెప్పాలి. నిదానంగా చెప్పాలి. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పాలి.”

నమోదు 624. బుధవారం.

ఈ వారం చీటీ తీయలేదు. రత్నం తానే చాటుకు వెళ్తానంది. కొత్త పుస్తకం తాను లేకుండా నడుస్తుందో లేదో తెలియాలని పట్టుపట్టింది.

నిన్నా ఇవాళా కరీమా మూడో తలుపును పుస్తకం చూసి కడిగింది. ఇరవై తొమ్మిదో చుట్టుకు కూర్చుంది. ఉప్పు ఒకటి.

ఇవాళ ఉదయం ఆరింటికి నేనూ అక్కడే ఉన్నాను. వీరాస్వామి గారు వచ్చి, మెడ తడుముకుని, “నా తాళమేది?” అన్నారు. కరీమా పుస్తకం తెరిచి ఉన్నది ఉన్నట్టు చదివింది. తాళం సంఘం తీసుకుంది.

ఆయన మొహం ముడుచుకుపోయింది. “తీసుకుందా? నేనేం తప్పు చేశాను?”

కరీమా నా వైపు చూసింది.

“తీసుకోలేదు బాబాయ్,” అన్నాను. “సభలో అందరి ముందూ మీరే మెడలోంచి తీసి ఇచ్చారు. నా చేతిలోనే పెట్టారు.”

ఆయన నన్ను పరీక్షగా చూశారు. “నేనే ఇచ్చానా?”

“మీరే.”

“మరి అట్టా రాయరేం? తీసుకుందని రాస్తే రోజూ పొద్దున్నే నన్ను దొంగను చేసినట్టు ఉండదూ? లోపం అది. మార్చండి.” కరీమా చేతిలోంచి పుస్తకం లాక్కుని ఆ వాక్యం మీద వేలు పెట్టారు. “నేను రాసిన పుస్తకంలో ఇటువంటి తప్పులుండవు.”

మార్చాను. లోపాల పట్టీలో ఇలా నమోదు చేశాను. లోపం పట్టింది: సైకం వీరాస్వామి. సరిచూసింది: కరీమా. పాత వాక్యం కొట్టివేత. కొత్త వాక్యం: “తాళం మీరే ఇచ్చారు. సభలో, అందరి ముందు.”

మధ్యాహ్నం ఆయన మళ్లీ మెడ తడుముకున్నారు. కరీమా కొత్త వాక్యం చదివింది.

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. “అవును, నేనే ఇచ్చాను,” అని పై గుండీ పెట్టుకుని, నీళ్లు చూడడానికి గట్టు మీదికి నడిచారు.